ఇసుకకు సోమవారం తెలియదు

ఈ టపాలో నేను వాదించబోయేది ఒక ఈతకొలను గురించి. మరింత కచ్చితంగా చెప్పాలంటే, ఆ కొలను పక్కన చీకటిగదిలో ఎవరి కంటా పడకుండా నిలబడి ఉండే ఇసుక ఫిల్టరు గురించి. సాహిత్యం మాట్లాడుకొనే చోట ఈ పంపుల గొడవేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. చిట్లించనివ్వండి. పద్యంలో యతి తప్పితే పది వ్యాఖ్యలు రాసే మనం, మన పిల్లలు మునిగి తేలే నీటిని వడగట్టే యంత్రాన్ని ఎప్పుడు కడగాలో తెలుసుకోకుండానే తీర్మానాలు చేస్తున్నాం. అటువంటి తీర్మానం ఒకదాని మీద నా సంతకం కూడా ఉంది. కనుక దీన్ని పరనిందగా మాత్రమే చదవవద్దని మనవి.

మాది హైదరాబాదుకు పడమటి దిక్కున ఉన్న ఒక నివాస సముదాయం. కొలను పొడవు 15 మీటర్లు, వెడల్పు 8, సగటు లోతు మీటరుంబావు. అంటే లక్షన్నర లీటర్ల నీరు. దాన్నంతటినీ వడగట్టేది 900 మిల్లీమీటర్ల వ్యాసం గల ఒకే ఒక ఇసుక ఫిల్టరు. ఆ గది తలుపు మీద ఒక కాగితం అంటించి ఉండేది: ‘ప్రతి సోమ, శుక్రవారములందు ఫిల్టరును పది నిముషములు బ్యాక్‌వాష్ చేయవలెను.’ ఈ నియమం ఎవరు పెట్టారో, ఏ లెక్కన పెట్టారో సంఘంలో ఎవరూ చెప్పలేకపోయారు. కానీ దాన్ని ప్రశ్నించడం మాత్రం మడి కట్టుకొన్నవారిని వెళ్ళి ముట్టుకొన్నంత అపచారం.

2024 వేసవి సెలవుల్లో కొలను నీరు పాలు కలిపినట్టు తెల్లబడింది. లోతు వైపు అడుగున ఉన్న జాలీ కనిపించడం మానేసింది. ఈత కొట్టి వచ్చిన పిల్లల కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. కొలను చూసుకొనే పాలమూరు యువకుణ్ణి సంఘం పిలిపించి నిలదీసింది. అతను చెప్పింది నాలుగే నాలుగు మాటలు: “సార్, కడిగిన దినమే నీళ్ళు మబ్బుగుంటున్నయ్. రెండు దినాలైతే జర తేటగైతున్నయ్. అంతల్నే మల్ల కడుగుతున్నం. మల్ల మబ్బే.”

‘కడిగితే మురికవుతుందట!’ అని ఒక పెద్దమనిషి చమత్కరించారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఫిల్టరు సరిగా కడగడం లేదన్న అభియోగం మీద ఆ యువకుణ్ణి తొలగిస్తూ తీర్మానం చేశాం. నీళ్ళు మాత్రం అలాగే ఉండిపోయాయి.

అతను చెప్పినది అక్షరసత్యమని నాకు తెలియడానికి ఇంకో నెల పట్టింది.

ఇసుక ఫిల్టరు ఎలా పనిచేస్తుందో ఒకసారి చూద్దాం. లోపల ఉండేది సుమారు అర మిల్లీమీటరు పరిమాణం గల గరుకు ఇసుక. ఆ రేణువుల మధ్య సందులు, మనం పట్టుకోదలచిన మట్టికణాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి. కేవలం జల్లెడ న్యాయమే అయితే ఆ మట్టి హాయిగా దిగిపోవాలి. కానీ నీరు వంకర దారుల్లో దిగుతున్నప్పుడు కణాలు ఇసుక ముఖాలకు అంటుకొంటాయి. అలా అంటుకొన్నవి వెనక వచ్చేవాటిని ఆపుతాయి. సందులు ఇరుకవుతాయి, మరింత సన్నని కణాలు చిక్కుతాయి. అంటే కొంత మురికి పట్టిన ఇసుక, అప్పుడే కడిగిన ఇసుక కంటే మెరుగ్గా వడగడుతుంది. మురికే మురికికి జల్లెడ అవుతుంది. ఇది నా కల్పన కాదు, ఫిల్టర్లు తయారుచేసేవాళ్ళు తమ చేతిపుస్తకాల్లో ఒప్పుకొనే సంగతే. మనం ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచీలోంచి తియ్యం, అంతే.

ఈ మంచి ఒక హద్దు వరకే. సందులు మరీ ఇరుకైతే నీరు దిగలేదు, ఫిల్టరు లోపల ఒత్తిడి పెరుగుతుంది, గంటకు వడగట్టే నీటి పరిమాణం పడిపోతుంది. అప్పుడు కడగాలి. ఆ ‘అప్పుడు’ ఏ సోమవారం వస్తుందో పంచాంగం చెప్పదు. చెప్పడానికి ఫిల్టరు మీదే ఒక గేజి ఉంటుంది. ఇసుక శుభ్రంగా ఉన్నప్పుడు, మోటారు నడుస్తుండగా, ఆ ముల్లు ఎక్కడ ఉన్నదో ఒకసారి రాసిపెట్టుకోవాలి. అక్కడినుంచి చదరపు అంగుళానికి 8 నుంచి 10 పౌండ్లు పెరిగిన రోజున కడగాలి. శాస్త్రమంతా ఇంతే. ముల్లు పెరగకుండా ఫిల్టరును ముట్టుకోవడం, ఆకలి లేనివాడికి అన్నం కుక్కడంలాంటిది.

ముల్లు ఆ గుర్తు కంటే కిందికి దిగితే అది వేరే జబ్బు. పంపు ముందుండే బుట్టలో ఆకులో వెంట్రుకలో అడ్డుపడి ఉంటాయి, లేదా కొలనులో నీటిమట్టం తగ్గి పంపు గాలి పీలుస్తూ ఉంటుంది. అప్పుడు ఫిల్టరు కడిగితే కాలు విరిగినవాడికి కంట్లో మందు వేసినట్టే. మా సంఘం ఆ వైద్యమూ చేసింది.

నెల తరవాత ఒక సాయంత్రం ఆ గదిలోకి నేనే వెళ్ళాను. మోటారు ఆపి ఉంది. గొట్టాల్లో చప్పుడు లేదు. గేజి ముల్లు 14 దగ్గర నిలబడి ఉంది! మోటారు వేయించాను. 14. మళ్ళీ ఆపించాను. అదే 14. అద్దం లోపల చెమ్మ చేరి ముల్లు తుప్పుపట్టి ఎన్నాళ్ళ కిందటో బిగుసుకుపోయింది. ప్రాణం పోయాక కూడా నాడి ఆడుతున్నట్టు చూపించే గడియారాన్ని గోడకు పెట్టుకొని, మేం వారానికి రెండుసార్లు వైద్యం చేస్తున్నాం. కొత్త గేజి కొన్ని వందల రూపాయల వస్తువు. దానికోసం నాలుగు నెలల కిందట ఆ యువకుడు సంఘం పుస్తకంలో రాసిన వినతి కూడా దొరికింది. పక్కన ఎవరిదో దస్తూరీతో ‘తరువాత చూద్దాం’ అని ఉంది.

ఇక్కడ మా సంఘంలోని శుచివాదులు ఒక ప్రశ్న వేస్తారు: ‘శుభ్రం ఎక్కువైతే నష్టమేమిటండీ?’ వినడానికి ఎంతో సబబుగా ఉండే ప్రశ్న. దీనికి జవాబు కోసం నూట ముప్పై ఏళ్ళు వెనక్కి, జర్మనీకి వెళ్ళాలి.

1892లో హాంబర్గు నగరంలో కలరా చెలరేగి 8,600 మందికి పైగా చనిపోయారు. ఆ ఊరిని ఆనుకొని, ఒకే వీధికి ఇటువైపు ఒక ఊరు అటువైపు ఇంకో ఊరు అన్నంత దగ్గరగా, ఆల్టోనా ఉండేది. ఇద్దరూ తాగేది ఎల్బా నది నీళ్ళే. పైగా ఆల్టోనా నీరు తోడుకొనేది హాంబర్గు మురుగు కలిసిన తరవాత, దిగువన. అయినా ఆల్టోనా దాదాపుగా బయటపడింది. కారణం ఒకటే. అక్కడ నీటిని ఇసుక మడుల గుండా వడగట్టేవారు, హాంబర్గులో వడగట్టకుండా పంపేవారు. ఈ కథ చాలామందికి తెలుసు. తెలియనిది దీని తరవాతి అధ్యాయం. 1893 ఆరంభంలో, నడిచలికాలంలో, ఆల్టోనాలో కూడా కలరా తలెత్తింది. రాబర్ట్ కోఖ్ విచారించి చూస్తే లోపం తేలింది. గడ్డకట్టే చలిలో ఒక ఇసుక మడిని శుభ్రం చేస్తున్నప్పుడు దాని పైభాగం మంచై బిగుసుకుపోయింది. ఆ తరవాత ఆ మడి సరిగా వడగట్టలేదు. ఏడాది కిందట ఊరిని కాపాడిన ఇసుకే, శుభ్రం చేసే వేళ ఊరిని మోసం చేసింది.

పోలికను అతిగా సాగదీయను. ఆల్టోనావి నిదానంగా పారే ఇసుక మడులు. వాటి పైన సూక్ష్మజీవుల పొర ఒకటి పేరుకొని, అసలు వడపోత అదే చేస్తుంది. శుభ్రం చేయడమంటే ఆ పై పొరను గీకేయడం. మళ్ళీ పొర కట్టేదాకా ఆ మడి నీటిని నమ్మకూడదు. మన కొలను నీటిలో క్లోరిను ఉంటుంది కనుక అటువంటి జీవపు పొరకు తావు లేదు. కానీ అప్పుడే కడిగిన ఇసుక మీద నమ్మకం పెట్టుకోరాదన్న మాట రెండుచోట్లా ఒకటే. మన పల్లెల్లో ఏటి ఇసుకలో చెలమ తవ్వేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ నేర్పలేదు. తవ్వగానే ఊరిన నీటిని ఎవరూ కడవకు ముంచరు. ఒకటి రెండుసార్లు తోడి పారబోసి, తేరుకోనిచ్చి, ఆ తరవాతే ముంచుతారు. చెలమ దగ్గర కూర్చున్న ముసలమ్మకు తెలిసింది మా సంఘంలోని ఏడుగురు పట్టభద్రులకు తెలియలేదు. ఆ ఏడుగురిలో నేనొకణ్ణి.

ఇక నీటి లెక్క. 900 మిల్లీమీటర్ల ఫిల్టరు గుండా గంటకు పాతికవేల లీటర్లు పోతాయనుకొంటే, బ్యాక్‌వాష్‌లో నిమిషానికి 400 లీటర్ల పైచిలుకు మురుగుకాలువలోకి వెళ్తాయి. పది నిమిషాలకు నాలుగువేల రెండు వందలు. వారానికి రెండుసార్లంటే ఎనిమిదివేల నాలుగు వందలు. పదివేల లీటర్ల ట్యాంకరులో కాస్త తక్కువ, ప్రతి వారం! ఏ వేసవిలో? ట్యాంకరు కోసం నగరంలో సగం మంది ఫోన్లు పట్టుకొని కూర్చున్న 2024 వేసవిలో. వంటింటి కుళాయి దగ్గర ‘నీటిని పొదుపు చేయండి’ అని చీటీ అంటించిన సంఘమే, వడపోత గదిలో ఈ దానం చేసింది. అసలు కడగడానికి రెండు మూడు నిమిషాలు చాలు. వాల్వు పక్కన చిన్న గాజుగొట్టం ఉంటుంది, అందులో పారే నీరు తేటపడగానే ఆపాలి. ఆ తరవాతి ఏడు నిమిషాలూ మనం కడిగేది మన అహంకారాన్ని మాత్రమే.

ఎలా కడగాలన్నదీ చెప్పాలి కదా. మొదట మోటారు ఆపాలి. ఆపకుండా వాల్వు పిడి తిప్పకూడదు. నీటి ఒత్తిడి మీద ఉన్నప్పుడు తిప్పితే లోపలి రబ్బరు వాషరు చిరుగుతుంది. చిరిగితే మురికి తిరిగి కొలనులోకి రావచ్చు, లేదా మంచినీరు ఎవరికీ తెలియకుండా రాత్రింబవళ్ళు కాలువ దారి పట్టవచ్చు. మోటారు ఆపాక పంపు బుట్ట శుభ్రం చేసి, పిడిని బ్యాక్‌వాష్‌కు తిప్పి, మోటారు వేయాలి. నీరు కిందినుంచి పైకి ఎక్కి ఇసుకను కుదిపి లేపుతుంది, పట్టిన మట్టి కాలువలోకి పోతుంది. గాజుగొట్టం తేటపడ్డాక మోటారు ఆపి, పిడిని రిన్స్ అన్న గుర్తు దగ్గరకు తిప్పి, మళ్ళీ అర నిమిషం నుంచి ఒక నిమిషం నడపాలి. ఇది చెలమ తోడి పారబోయడం. ఇసుక మళ్ళీ సర్దుకొనేటప్పుడు జారే మురికి కొలనులోకి కాక కాలువలోకి పోవాలి. మా గదిలో కాగితం రాసిన మహానుభావుడు ఈ ఒక్క మెట్టునూ వదిలేశాడు. పది నిమిషాలు కడిగి, ఆ తొలి మురికిని నేరుగా పిల్లల మీదికి వదిలేవాళ్ళం. ‘కడిగిన దినమే మబ్బు’ అంటే ఇది. చివరికి మోటారు ఆపి, పిడిని ఫిల్టరు గుర్తుకు తెచ్చి, మోటారు వేసి, గేజి ముల్లు ఎక్కడుందో రాయాలి. ఈ నీటిలో క్లోరిను ఉంటుంది కనుక చెరువుల్లోకీ పూలమొక్కల మొదళ్ళకూ వదలకూడదు.

కడిగినా ముల్లు పాత చోటికి దిగకపోతే? అప్పుడు ఇసుకనే చూడాలి. మన ఇళ్ళలో పిల్లల తలలకు కొబ్బరినూనె పెట్టి కొలనుకు పంపుతాం. ఆ నూనె, ఒంటికి రాసుకొనే క్రీములతో కలిసి, ఇసుకను ముద్దలు ముద్దలుగా అంటిస్తుంది. ఆ జిడ్డు ఉత్తి నీటికి వదలదు. జిడ్డు విడగొట్టే మందు పోసి, ఒక రాత్రి నాననిచ్చి కడగాలి. దీనికి చవకైన నివారణ, దిగేముందు తలస్నానం. కొలను పక్కన షవరు పెట్టింది అందుకే. మావాళ్ళు దాన్ని చెప్పుల ఇసుక కడుక్కోవడానికి వాడుతున్నారు. రెండో చిక్కు మన బోరు నీరు. దాని కాఠిన్యానికి సున్నం పేరుకొని ఇసుక రాయిలా గట్టిపడుతుంది, నీరు ఏదో ఒక పగులు వెతుక్కొని వడకట్టకుండానే దిగిపోతుంది. గేజి అప్పుడు అబద్ధం చెప్పవచ్చు. మూత తీసి చేత్తో తవ్వి చూడటమే దారి. ఇసుక ఎంత బాగున్నా అయిదు నుంచి ఏడేళ్ళకు ఒకసారి మార్చక తప్పదు. సున్నం కోసం ఆమ్లం వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఆమ్లాన్నీ కొలనులో వేసే క్లోరిను మందునూ ఎప్పుడూ కలపవద్దు, పక్కపక్కన కూడా ఉంచవద్దు. పుట్టే వాయువు ప్రాణాంతకం.

చిన్న కొలనుల్లో ఇసుకకు బదులు మడతలు మడతలుగా ఉండే కార్ట్రిడ్జి ఉంటుంది. దానికీ గేజి సూత్రం ఇదే. కానీ బ్యాక్‌వాష్ ఉండదు, బయటకు తీసి మామూలు గొట్టంతో మడతల మధ్య పైనుంచి కిందికి కడగాలి. కారు కడిగే జోరు నీటితో కొడితే గుడ్డ చిరుగుతుంది.

శుచివాదుల సంగతి ఇది. వీళ్ళకు పూర్తిగా ఎదురు కొసన ఉదాసీనులున్నారు. వీళ్ళ సిద్ధాంతం: ‘క్లోరిను వేశాం కదా, ఫిల్టరుతో పనేమిటి?’ నీటి దగ్గర ఘాటు వాసన వస్తే వీళ్ళకు తృప్తి. ఆ వాసన క్లోరిను ఎక్కువైందనడానికి గుర్తు కాదు, క్లోరిను చెమటతోనూ మూత్రంతోనూ కలిసి అలసిపోయిందనడానికి గుర్తు. పిల్లల కళ్ళు మండించేదీ ముఖ్యంగా అదే. ఇక క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మామూలు మోతాదు క్లోరినులో రోజుల తరబడి బతుకుతుంది. దాని పరిమాణం 4 నుంచి 6 మైక్రాన్లు, ఇసుక ఫిల్టరుకు అంత సులువుగా చిక్కదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో తాగునీటి ద్వారా ఇది సుమారు నాలుగు లక్షల మందిని మంచం పట్టించింది. అందుకే విరేచనాలవుతున్న పిల్లవాణ్ణి కొలనులో దించకూడదు. ఏ ఫిల్టరూ ఆ పాపాన్ని కడగలేదు.

ఉదాసీనుల్లోనే మరో శాఖ పటికవాదులు. నీరు మసకబారగానే దోసెడు పటిక. పటిక మంచిదే. మన పెద్దలు చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపినది కూడా ఆ పనికే, సన్నని మట్టి గుంపుగా చేరి అడుగంటడానికి. కానీ బిందె అడుగు మడ్డిని వాళ్ళు తిరిగి వడగట్టి తాగేవారు కాదు, పైనుంచి తేట వంచుకొనేవారు. కొలనులోనూ అంతే. అడుగంటిన మడ్డిని నేరుగా కాలువలోకి పీల్చి పారేయాలి. ఫిల్టరు గుండా పంపితే ఇసుక మూసుకుపోతుంది.

ఇంకో పొదుపు కూడా చూశాను. కరెంటు బిల్లు చూసి మోటారును రోజుకు రెండు గంటలకు కుదించడం. మా లెక్కన కొలనంత నీరు ఫిల్టరు గుండా పోవడానికే ఆరు గంటలు పడుతుంది. అలాగని ఆరు గంటలకు నీరంతా శుభ్రపడదు. వడగట్టిన నీరు వడగట్టని నీటితో కలిసిపోతూ ఉంటుంది కనుక ఒక విడతలో నిజంగా ఫిల్టరు చూసేది నూటికి 63 వంతులే. రెండు విడతలకు 86. ఇది తెలియకుండా మోటారు ఆపి, ఫిల్టరు పనిచేయడం లేదని దాన్ని ఇంకోసారి కడిగేవాళ్ళను ఏమనాలి?

ఇంత కోపం ఎందుకని మిత్రులు అడగవచ్చు. ఆ మేనెలలో కొలను అడుగు కనిపించలేదని చెప్పాను. అడుగు కనిపించని నీటిలో పిల్లవాడు మునిగితే ఒడ్డున కూర్చున్నవాడికి తెలియదు. అటువంటి నీటిలోకి ఎవరినీ దించకూడదు, ఒక్కరోజు కూడా. మేం నెలంతా దించాం. ఏమీ జరగకపోవడం మా గొప్ప కాదు.

కొత్త గేజి పెట్టాక, కడిగిన ఇసుక మీద ముల్లు 11 చూపించింది. ఫిల్టరు పొట్ట మీద సుద్దముక్కతో ‘11 – 20’ అని రాశాను. బడులు నడిచే రోజుల్లో ముల్లు ఇరవైకి చేరడానికి రెండు వారాల దాకా పట్టింది, సెలవుల్లో అయిదారు రోజులు. నీరు తేటపడింది. పాత యువకుడికి ఫోను చేశాను. వేరే సముదాయంలో కుదురుకొన్నాడట. క్షమాపణ చెప్పడానికి మాటలు వెతుక్కొంటుంటే అతనే అడిగాడు: “గేజి మార్చిన్రా సార్?” మార్చామన్నాను. “మంచిగైంది సార్. రిన్స్ గిట్ట చేస్తున్నరా?” అన్నాడు. నేనడగకుండానే కొత్తగా వచ్చిన పిల్లవాడి నంబరు తీసుకొన్నాడు, చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయని.

అతణ్ణి తొలగించిన తీర్మానాన్ని రద్దుచేసి, ఆ విషయం పుస్తకంలో రాయాలని వచ్చే ఆదివారపు సమావేశంలో ప్రతిపాదిస్తున్నాను. ‘ఇప్పుడెందుకండీ, నీళ్ళు బాగానే ఉన్నాయిగా’ అని ఇప్పటికే ఇద్దరు సెలవిచ్చారు. తలుపు మీది పాత కాగితం కూడా ఇంకా అలాగే ఉంది, తీయడానికి తీర్మానం కావాలట. ఇవాళ పొద్దున గేజి 16. రేపు సోమవారం.